షమీమ్ కీబోర్డులోంచి నేను ఇంగ్లీషు తీసేసిన రోజు

కోర్టులో టైపిస్టులుగా చేరబోయే పిల్లలు అప్పుడప్పుడూ నరసరావుపేటలో మా ఇంటికొచ్చి, "సార్, ఉద్యోగం ఎట్టా ఉంటది?" అని అడుగుతుంటారు. స్పీడు ఎంత కావాలి, పరీక్షలో ఏమిస్తారు లాంటివి నన్నడగొద్దు, వాటికి పుస్తకాలున్నాయి. నేను చెప్పగలిగింది వేరే. ముప్పై రెండేళ్ళు ఆ పని చేసి, అందులో చివరి రెండేళ్ళూ ఒక అమ్మాయిని చూసి కుళ్ళి చచ్చాను. ఆ కుళ్ళు ఎట్లా మొదలైందో, నాచేత ఏం చేయించిందో రాస్తున్నాను. ఏ కోర్టో మాత్రం రాయను. పల్నాడులోనే ఒక చోట అనుకోండి.

ఆ కుర్చీ

జడ్జి గారి బల్లకి కింద, సాక్షి బోనుకి పక్కనే టైపిస్టు కుర్చీ ఉంటుంది. సాక్షి నోటి మాట అక్కడికక్కడే కాగితం మీద పడాలి. దాన్ని వాంగ్మూలం అంటారు. అయిపోయాక సాక్షికి చదివి వినిపిస్తారు. సరేనంటే సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. ఆ కేసు ఆ తర్వాత ఎంత పెద్ద కోర్టుకు పోయినా సాక్షి పోడు, ఆ కాగితమే పోతుంది.

మిగతా టైపిస్టులు లోపలి గదిలో నకళ్ళు కొట్టుకుంటూ కూర్చుంటారు. నలుగురి ముందూ కూర్చునే కుర్చీ ఒక్కటే, అది నాది. వకీళ్ళు లోపలికి వస్తూ "కోటేశ్వరరావు గారూ, బాగున్నారా" అని పలకరించి మరీ కూర్చునేవారు. వెల్దుర్తి నుంచో మాచర్ల నుంచో మొదటిసారి కోర్టుకొచ్చిన రైతు, నేనెవరో పెద్ద ఆఫీసరుననుకుని నాకూ ఒక దణ్ణం పెట్టేవాడు. నేను కాదని చెప్పేవాణ్ణి కాదు.

కాగితానికి మర్యాద

నేను చేరినప్పుడు మా ఆఫీసుకి పెద్ద శిరస్తాదారు గారు. మనిషి మంచివాడు, నోరు మాత్రం బాగా కరుకు. మొదటి వారంలోనే నేను కొట్టిన వాంగ్మూలం ఒకటి నా మొహం ముందు ఆడించి, "ఏందిరా ఇది? వాడు 'ఆడు నన్ను కుమ్మాడు' అంటే నువ్వూ 'కుమ్మాడు' అని కొడతావా? కాగితానికి ఒక మర్యాద ఉండక్కర్లా?" అన్నారు.

అప్పట్నించి మర్యాద నేర్చుకున్నాను. సాక్షి ఎట్లా మాట్లాడినా నా కాగితం మీద 'సదరు ముద్దాయి నన్ను బలముగా కొట్టినాడు' అని పడేది. టైపు మిషన్ మీద తెలుగు కొట్టడం చానా కష్టం. అక్షరం ఒక దెబ్బకి రాదు. తలకట్టు ఒక దెబ్బ, ఒత్తు ఒక దెబ్బ, మధ్యలో కాగితం తిరిగే బండి వెనక్కి జరపాలి. సాక్షి పది మాటలు చెప్పేసరికి నేను నాలుగు కొట్టేవాణ్ణి. మిగతా ఆరూ మర్యాద కింద పోయేవి. ఈ నిజం అప్పుడు నాకు తెలియదు. నాకు భాష మీద పట్టుందనీ, సాక్షి గోలని దిద్ది పెడుతున్నాననీ అనుకునేవాణ్ణి. వచ్చిన జడ్జీలు కూడా చాలామంది "మీ తెలుగు బాగుంటుంది" అనేవారు. కొందరు ప్రతి వాక్యం వాళ్ళే చెప్పి కొట్టించేవారు, కొందరు నాకే వదిలేసేవారు. వదిలేసేవాళ్ళంటే నాకు ఇష్టం.

లినక్సు, నా స్టిక్కర్లు

మిషన్లు పోయి కంప్యూటర్లొచ్చాయి. వాటిలో లినక్సు ఎక్కించి ఇచ్చారు. తెలుగు కొట్టాలంటే సెట్టింగుల్లోకి వెళ్ళి, కీబోర్డు దగ్గర తెలుగు లేఅవుట్ కలుపుకోవాలి. తెర పైన మూల ఒక చిన్న గుర్తు వస్తుంది. మౌసుతో దాని మీద నొక్కితే ఇంగ్లీషు పోయి తెలుగు, మళ్ళీ నొక్కితే ఇంగ్లీషు. లేఅవుట్ పేరు ఇన్‌స్క్రిప్ట్. ఎడమచేతి వైపు గుణింతాలు, కుడిచేతి వైపు హల్లులు. పద్ధతి చక్కగానే ఉంటుంది. కాకపోతే మిషన్ మీద నా వేళ్ళకి అలవాటైన చోట ఒక్క అక్షరం కూడా లేదు.

నేను తెలుగు అక్షరాల స్టిక్కర్లు కొని కీల మీద అంటించుకున్నాను. ఏప్రిల్ వచ్చేసరికి మా ఊరి ఎండకి, చేతి చెమటకి జిగురు కరిగి అవి పక్కకి జారాయి. 'మ' పోయి 'న' మీద కూర్చుంది. చూసి కొట్టడం అలవాటైతే ఇంతే. ఇప్పుడు చేరేవాళ్ళకి చెబుతున్నా, అక్షరం కీ మీద ఉండదు. లోపల ఒక ఫైలు ఉంటుంది, ఏ కీ నొక్కితే ఏ అక్షరం రావాలో అందులో రాసి ఉంటుంది. ఆ ఫైలు మార్చుకుంటే కీబోర్డు మీ మాట వింటుంది. ఈ సంగతి నాకు చెప్పింది షమీమ్.

షమీమ్ వచ్చింది

షమీమ్ నరసరావుపేట పిల్లే. వాళ్ళ నాన్న బోరు మోటార్లకి వైండింగ్ చేస్తాడు. ఇంట్లో ఒక పాత లాప్‌టాప్ ఉండేదట, దానికి లినక్సు తప్ప ఇంకేదీ ఎక్కేది కాదట. దాంతో కుస్తీ పట్టే ఇదంతా నేర్చుకుంది. లోపలి గదిలో నకళ్ళకి వేశారు.

వచ్చిన నెలలోనే తన సిస్టంలో కీబోర్డు మార్చేసుకుంది. భాష మారడానికి మౌసు ముట్టుకునేది కాదు. ఎవరికీ పెద్దగా పనికిరాని క్యాప్స్ లాక్ కీని దానికి పెట్టుకుంది. ఒక నొక్కు తెలుగు, ఇంకో నొక్కు ఇంగ్లీషు. తెలుగులో ఉన్నంతసేపూ స్క్రోల్ లాక్ దీపం వెలిగేట్టు చేసుకుంది, కాబట్టి తెర మూలకి చూసే పని కూడా లేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో ప్రశ్న గుర్తు ఉండే చోట తెలుగు అక్షరాలు కూర్చుంటాయి. దానికోసం మేమంతా ఇంగ్లీషులోకి పోయి వచ్చేవాళ్ళం. తను ఆ ఫైలు తెరిచి, కుడి పక్క ఆల్ట్ పట్టుకుంటే ప్రశ్న గుర్తు వచ్చేట్టు రాసుకుంది. 'క్రాస్ ఎగ్జామినేషన్' లాంటి పొడుగు మాటలు రెండు మూడు నొక్కులకే వచ్చేట్టు ఇంకో ఫైలు పెట్టుకుంది.

నేను సెలవు పెట్టిన మూడు రోజులూ జడ్జి గారు తనని నా కుర్చీలో కూర్చోబెట్టారు. తిరిగొచ్చిన రోజు ఒక వకీలు గారు నన్ను చూసి, "ఇవ్వాళ ఆ అమ్మాయి లేదా?" అన్నారు. అప్పుడు కడుపులో మొదలైన మంట రెండేళ్ళు ఆరలేదు.

ఆ రెండేళ్ళు

ఉన్నదున్నట్టు చెబుతాను. షమీమ్ తప్పులు రాసుకోవడానికి జేబులో ఒక చిన్న పుస్తకం పెట్టుకున్నాను. నెల రోజుల్లో దొరికినవి నాలుగు. వాటిలో రెండు నేను ఇచ్చిన కాగితంలోనే ఉన్న తప్పులు. తను క్యాప్స్ లాక్ నొక్కినప్పుడు వచ్చే చిన్న టక్కు శబ్దం ఎంత దూరంలో ఉన్నా నా చెవికి వినపడేది. ఇంట్లో అన్నం తింటూ కూడా దాని గురించే. మా ఆవిడ ఒకరోజు విసుక్కుని, "పెళ్ళయినకాణ్ణించి నా పేరు ఇన్నిసార్లు తల్చలా నువ్వు. ఆ పిల్ల పేరు తలవని పూట లేదు" అంది.

ఒక సోమవారం సిస్టం అప్‌డేటై, షమీమ్ మార్చుకున్న ఫైలు మొత్తం కొట్టుకుపోయింది. క్యాప్స్ లాక్ నొక్కితే ఇంగ్లీషు పెద్ద అక్షరాలే వస్తున్నాయి. ఆ సంగతి తెలిసి నేను బయటికెళ్ళి టీ తాగి వచ్చాను, అంత సంతోషమేసింది. తిరిగొచ్చేసరికి అంతా మామూలే. ఫైలు నకలు పెన్‌డ్రైవ్‌లో దాచుకుందట, మళ్ళీ అక్కడ పెట్టేసింది. మీరూ ఈ పని చేయండి. మార్చుకున్న ఫైలుకి నకలు లేకపోతే అప్‌డేట్ వచ్చిన రోజు ఏడవాల్సిందే.

ఆ సాయంత్రమే నా బల్ల దగ్గరికొచ్చి, "సార్, మీకు మిషన్ అలవాటు కదా. ఏ అక్షరం ఏ వేలికొస్తదో చెప్పండి. మొత్తం కుదరదు గానీ, దగ్గర దగ్గరగా ఒక లేఅవుట్ చేసిపెడతా" అంది.

"నాకెందుకమ్మా, నాకిదే బాగుంది" అన్నాను.

ఇంటికెళ్ళి ఏ అక్షరం ఏ వేలికో ఒక కాగితం మీద మొత్తం రాశాను. తనకి మాత్రం ఇవ్వలేదు. తన ఫైలు చూసి నేనే సొంతంగా చేద్దామని కూర్చుంటే, ఒక చోట సెమీకోలన్ మర్చిపోయాను. ఆ ఒక్క దానికి లేఅవుట్ ఎక్కనే లేదు. తప్పెక్కడుందో అడగాలంటే తననే అడగాలి, అందుకని ఆ ఫైలు తీసి పారేశాను.

ఆఖరికి జడ్జి గారు నన్ను పిలిచి, "కోటేశ్వరరావు గారూ, వచ్చే నెల నుంచి ఓపెన్ కోర్టు షమీమ్ చూస్తుంది. ఈలోపు రోజు మార్చి రోజు కూర్చోండి ఇద్దరూ" అన్నారు. నా సర్వీసు ఇంకా ఐదు నెలలుంది. చివరి నాలుగు నెలలూ లోపలి గదిలో, నకళ్ళు కొట్టుకుంటూ. ఆ కుర్చీలోంచే రిటైరవ్వాలని నాకు ఎంత ఉండేదో ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఇంగ్లీషు తీసేశాను

వెల్దుర్తి వైపు ఒక ఊళ్ళో కాలవ నీళ్ళ దగ్గర కొట్లాట జరిగి ఒకాయన తల పగిలింది. ఆ కేసులో చూసిన సాక్షి అని పోలీసులు రాసింది గురవమ్మ అనే ముసలి కూలిమనిషిని ఒక్కదాన్నే. ఆమెను పిలిచిన రోజు షమీమ్ వంతు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరో వకీలు గారు పిలిస్తే షమీమ్ గబగబా బయటికెళ్ళింది. తెర తాళం వేయకుండా తను ఎప్పుడూ లేవదు, ఆ రోజు మర్చిపోయింది. కోర్టు హాల్లో ఎవరూ లేరు. నేను వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని సెట్టింగులు తెరిచాను. కీబోర్డు జాబితాలో రెండే ఉన్నాయి. తెలుగు, ఇంగ్లీషు. ఇంగ్లీషు తీసేశాను.

నా ఉద్దేశం చిన్నదే. వాంగ్మూలంలో సాక్షి నంబరు, కాగితాల గుర్తులు ఇంగ్లీషులో కొట్టాలి. తను క్యాప్స్ లాక్ నొక్కుతుంది, భాష మారదు. జడ్జి గారి ముందు రెండు నిమిషాలు తడబడుతుంది. నేను లేచి వెళ్ళి, "ఇట్లాంటి సొంత మార్పులు చేసుకుంటే ఇంతేనమ్మా" అని సరిచేస్తాను. అంతే అనుకున్నాను.

నాకు తెలియనిది ఒకటుంది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే తెర దానంతట అదే తాళం వేసుకుంటుంది. ఆ తాళం తీయాలంటే పాస్‌వర్డు కొట్టాలి, తన పాస్‌వర్డు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ఇంగ్లీషే లేకపోయాక కొట్టిందంతా తెలుగులో పడుతుంది. పాస్‌వర్డు దగ్గర ఏం కొట్టినా చుక్కలే కనపడతాయి కాబట్టి తప్పేదో ఎవరికీ తెలియదు.

కోర్టు మొదలైంది. గురవమ్మ బోనెక్కింది. షమీమ్ పాస్‌వర్డు కొట్టింది, తప్పంది. మళ్ళీ కొట్టింది, తప్పంది. క్యాప్స్ లాక్ నొక్కి చూసి మళ్ళీ కొట్టింది.

"ఏమ్మా, ఏమైంది?" అన్నారు జడ్జి గారు.

"పాస్‌వర్డు తీసుకోవడం లేదు సార్."

జడ్జి గారు గోడ గడియారం చూసి, "కోటేశ్వరరావు గారూ, మీరు రండి" అన్నారు.

వెళ్ళాను. తన ముందే ఆ కుర్చీలో కూర్చున్నాను. 'మరో యూజరు' అని ఉన్నచోట నొక్కి, నా పేరుతో, నా పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళాను. ఆ క్షణం ఎంత హాయిగా ఉందంటే, వెనక బెంచీ మీద తను తల దించుకుని కూర్చుంటే అది కూడా నాకు హాయిగానే ఉంది.

గురవమ్మ

గురవమ్మ వేగంగా మాట్లాడే మనిషి. "పొద్దు గూకే యాళయ్యా. గడ్డి మోపు నెత్తినెట్టుకుని వస్తన్నా. కాలవ కాడ అరుపులినపడ్డయ్యి. నే బోయేతలికే ఆయన కింద పడున్నాడు. ఈయన చేతిలో కర్ర ఉంది. కొట్టింది ఈయనో ఇంకోరో నే చూళ్ళా, అప్పటికే కొట్టటం అయిపోయింది" అంది, ముద్దాయి వైపు చెయ్యి చూపిస్తూ.

నేను ఇంకా గడ్డిమోపు దగ్గరే ఉన్నాను. సాక్షి నంబరు కోసం ఇంగ్లీషులోకి మార్చి, తిరిగి తెలుగుకి రావడానికి మౌసు పట్టుకుని మూలకి వెళ్ళేసరికి ఆమె మొత్తం చెప్పేసింది. ఏం ఫర్వాలేదు, ముప్పై రెండేళ్ళుగా ఇదే పని. వేళ్ళు వాటంతట అవే కొట్టుకుంటూ పోయాయి: 'సదరు ముద్దాయి కర్రతో బలముగా కొట్టగా బాధితుడు క్రింద పడిపోవుట నేను చూచితిని.'

తర్వాత వకీళ్ళ ప్రశ్నలు అయ్యాయి. బెంచి క్లర్కు కాగితం తీసుకుని ఆమెకి చదివి వినిపించాడు. మామూలుగా సాక్షులు ఈ టైములో ఇంటికెళ్ళే బస్సు గురించి ఆలోచిస్తుంటారు. గురవమ్మ మాత్రం చెయ్యి చెవికి ఆనించుకుని వింటోంది.

"అది నేనన్లా" అంది.

"ఏది?" అన్నాడు క్లర్కు.

"కొట్టటం చూశానని నేనెప్పుడన్నానయ్యా? చూళ్ళా అని చెప్పాగదా. ఇయ్యి నా మాటలు కాదు. నేను ఏలిముద్ర ఎయ్యను. ఈయనకి శిచ్ఛ పడితే ఆ ఉసురు నాకు తగలదా?"

జడ్జి గారు నా వైపు తిరిగి, "ఆవిడ చూడలేదనే చెప్పింది. నేనూ విన్నాను. మీరు ఎక్కణ్ణించి కొట్టారు ఇది?" అన్నారు.

నేను అబద్ధం కొట్టాలని కొట్టలేదు. కొట్లాట కేసుల్లో నేను ఎప్పుడూ కొట్టే వాక్యం అది. వేళ్ళకి అదే వచ్చు.

అప్పుడు షమీమ్ వెనక బెంచీ మీంచి లేచింది. "సార్, నా సిస్టం తెరుస్తా, ఒక్క నిమిషం ఇవ్వండి" అంది. నేను కుర్చీ వదిలి పక్కన నిలబడ్డాను. తను నేను వెళ్ళిన దారినే వెళ్ళింది. నా పేరులోంచి బయటికొచ్చి, పేర్లన్నీ కనపడే మొదటి తెర దగ్గర తన పేరు నొక్కి పాస్‌వర్డు కొట్టింది. తెరుచుకుంది. ఆ మొదటి తెరకి కీబోర్డు వేరే ఉంటుంది, అక్కడ ఇంగ్లీషు అలాగే ఉంది. నా పాస్‌వర్డు ఎక్కడం చూసి తను అది పట్టుకుంది. లోపలికెళ్ళి సెట్టింగులు తెరిచి, ఒక క్షణం ఆ జాబితా వంక చూసింది. ఇంగ్లీషు మళ్ళీ కలిపింది. నా వైపు చూడలేదు.

గురవమ్మని మళ్ళీ మొదటి నుంచీ చెప్పమన్నారు. చెప్పింది. 'పొద్దు గూకే వేళ' తెర మీద పడింది. 'గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని' పడింది. 'కొట్టింది ఈయనో ఇంకొకరో నేను చూడలేదు, అప్పటికే కొట్టడం అయిపోయింది' అని పడింది. ఆమె ఆగేసరికి షమీమ్ చేతులు కూడా ఆగాయి.

క్లర్కు చదివాడు. గురవమ్మ మొత్తం విని, "ఆఁ, ఇయ్యి నా మాటలే" అని బొటనవేలు తనే సిరా పెట్టె మీద పెట్టుకుంది.

వరండాలో

సాయంత్రం షమీమ్ నన్ను వరండాలో ఆపింది. "సార్, జాబితాలోంచి ఇంగ్లీషు దానంతటది పోదు."

"నేనే తీశాను."

"ఎందుకు సార్?"

"కుళ్ళమ్మా. నిన్ను చూస్తే కుళ్ళు" అన్నాను. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

తను అరుస్తుందనుకున్నాను. జడ్జి గారికి చెబుతుందనుకున్నాను. అవేవీ చేయలేదు. "నా సంగతి పోనీయండి సార్. ఆ ముసలామె ఏలిముద్ర ఏసుంటే?" అంది. బ్యాగు తీసుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయింది. మర్నాడు నేనే వెళ్ళి జడ్జి గారికి జరిగింది చెప్పాను. నాకు రావాల్సిన చార్జి మెమో వచ్చింది. మిగతా నాలుగు నెలలూ లోపలి గదిలోనే చేశాను.

కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. లేఅవుట్ మార్చుకోండి, భాష మార్చడానికి ఒక కీ పెట్టుకోండి, ఫైలుకి నకలు దాచుకోండి, జాబితాలోంచి ఇంగ్లీషు ఎప్పుడూ తీయకండి. వేగం మీ గొప్ప కోసం కాదు. మీరు వెనకబడితే ఆ ఖాళీలో మీ మాటలొచ్చి కూర్చుంటాయి.

షమీమ్ అంటే నాకు ఇప్పటికీ అసూయే. రిటైరైతే పోతుందనుకున్నాను, పోలేదు. కాకపోతే ఇప్పుడు ఆ కుర్చీ మీద కాదు, ఆ చేతి వేగం మీదా కాదు. ముప్పై రెండేళ్ళలో నా కాగితం కింద ఎంతమంది వేలిముద్రలు వేశారో లెక్కలేదు. వాళ్ళలో ఒక్కరు కూడా విని, ఇవి నా మాటలే అనలేదు.